కారు బేరం: షోరూమ్‌లో ఒక్క అంకె మీద నిలబడటం ఎలా

‘నెలకి ఎంతైతే కట్టగలరండీ?’ షోరూమ్‌లో కూర్చున్న కాసేపటికే ఈ మాట వస్తుంది. మర్యాదగా, మీ మేలు కోరినట్టుగానే అడుగుతారు. కానీ దానికి ఒక అంకె చెప్పారంటే బేరం మీ చేతుల్లోంచి జారిపోయినట్టే. నెల వాయిదా అనే అంకె వెనక కారు ధర, డౌన్ పేమెంట్, వడ్డీ రేటు, అప్పు గడువు, మీ పాత బండి విలువ అన్నీ దాక్కుని ఉంటాయి. మీరు చెప్పిన వాయిదా చెక్కుచెదరకుండా ఉంచి, దాని కిందనున్న వాటిని ఎటు కావాలంటే అటు జరపొచ్చు.

లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. 10,00,000 అప్పు, ఏడాదికి 9 శాతం వడ్డీ అనుకోండి. 60 నెలల్లో తీరిస్తే నెలకి 20,758 చొప్పున మొత్తం సుమారు 12,45,500 కడతారు. అదే అప్పును 84 నెలలకు సాగదీస్తే వాయిదా 16,089కి దిగుతుంది, మొత్తం మాత్రం సుమారు 13,51,500 అవుతుంది. ‘నెలకి 4,600 పైనే తగ్గించాం’ అన్న మాట అబద్ధం కాదు. మీ జేబులోంచి 1,06,000 అదనంగా పోవడమూ అంతే నిజం. కారు ధరలో ఒక్క పైసా తగ్గలేదు.

అందుకని ఆ ప్రశ్నకు ఒకటే జవాబు పెట్టుకోండి: ‘డబ్బు ఎలా కట్టాలన్నది తర్వాత చూద్దామండీ. ముందు అన్నీ కలిపి కారు నా చేతికి ఎంతకొస్తుందో చెప్పండి.’ పన్నులు, రిజిస్ట్రేషన్, బీమా, షోరూమ్ వేసే రకరకాల చార్జీలు అన్నీ కలిసిన ఆ మొత్తం, అంటే ఆన్ రోడ్ ధర, ఒక్కటే బేరంలో అంకె. పాత బండి, అప్పు, అదనపు సామగ్రి ఒక్కోటీ వేరే బేరం. వాటిని ఒకదాని తర్వాత ఒకటి తేల్చుకోవాలే తప్ప ఒకే పళ్లెంలో కలపకూడదు. అమ్మేవాళ్లలో కొందరు ఒక కాగితాన్ని నాలుగు గళ్లు చేసి ధర, పాత బండి విలువ, డౌన్ పేమెంట్, నెల వాయిదా రాసి మీ ముందు పెడతారు. ఒక గడిలో మీకు అనుకూలంగా ఇచ్చింది ఇంకో గడిలో వెనక్కి తీసుకోవడానికి అంతకంటే వీలైన పద్ధతి లేదు. ఆ కాగితం వస్తే మిగతా మూడు గళ్లూ పక్కన పెట్టమని నిస్సంకోచంగా అడగండి.

డీలర్‌కు డబ్బు ఎక్కడ మిగులుతుంది

ఇది తెలియకుండా ‘ఎంత తగ్గిస్తారు?’ అని అడగడం చీకట్లో రాయి వేయడమే. కొత్త కారు మీద డీలర్‌కు మిగిలే మార్జిన్ చాలామంది ఊహించినంత పెద్దది కాదు. దాని చుట్టూ వేరే రాబళ్లు ఉంటాయి. నెలకో మూడు నెలలకో ఇన్ని బండ్లు అమ్మితే కంపెనీ ఇచ్చే టార్గెట్ బోనస్, అప్పు ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చే కమిషన్, బీమా కమిషన్, యాక్సెసరీల మీద లాభం, పొడిగించిన వారంటీ మీద లాభం, మీ పాత బండిని తక్కువకు తీసుకుని ఎక్కువకు అమ్ముకోవడం, తర్వాత ఏళ్ల తరబడి వచ్చే సర్వీసింగ్. కారు ధరలో గట్టిగా తగ్గించి బీమాలో, సీటు కవర్లలో రాబట్టుకునే డీలర్లు ఉన్నది ఇందుకే. ధర బాగా తగ్గిందని సంబరపడి మిగతా కాగితాల మీద చూడకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

మీకు చూపించే తగ్గింపు రెండు చోట్ల నుంచి రావచ్చు. ఒకటి కంపెనీ ప్రకటించిన ఆఫర్. అది ఏ షోరూమ్‌కు వెళ్లినా వర్తిస్తుంది, డీలర్ జేబులోంచి పోయేది దాదాపు ఏమీ ఉండదు. రెండోది డీలర్ తన మార్జిన్‌లోంచి వదులుకునేది. ‘మీకోసం ఇంత తగ్గించాం’ అన్నప్పుడు అందులో కంపెనీది ఎంత, షోరూమ్‌ది ఎంత అని విడదీసి అడగండి. చాలాసార్లు చూపించిన తగ్గింపంతా కంపెనీదే అయి ఉంటుంది. అంటే అసలు బేరం ఇంకా మొదలే కాలేదన్నమాట. పాత బండి మార్చుకునేవాళ్లకు, పలానా ఉద్యోగాల వాళ్లకు, అదే కంపెనీ కారు ఇంతకుముందు కొన్నవాళ్లకు వేరే ఆఫర్లు కూడా ఉంటాయి. అడిగితేనే బయటికొస్తాయి.

ఇంకో సంగతి. షోరూమ్ యార్డులో నిలబడిన కార్లు చాలావరకు అప్పు తెచ్చి కొన్నవే. అమ్ముడుపోయేదాకా డీలర్ వాటి మీద రోజూ వడ్డీ కడుతుంటాడు. వారం క్రితం వచ్చిన కారు మీద, నాలుగు నెలలుగా ఎండకు ఎండుతున్న కారు మీద ఒకే తగ్గింపు ఉండదు. కాబట్టి ‘ఈ వేరియంట్‌లో స్టాక్‌లో ఉన్నవాటిలో పాతది ఏది?’ అని అడగండి. జవాబు తేలకపోతే బండి మీదే ఆధారాలు ఉంటాయి. తయారీ నెల, సంవత్సరం రాసిన ప్లేటుగానీ స్టిక్కరుగానీ చాలా కార్లలో తలుపు దగ్గరో బానెట్ కిందో దొరుకుతుంది. టైరు పక్కగోడ మీద DOT అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివర నాలుగంకెలు చూడండి. 3524 అని ఉంటే ఆ టైరు 2024లో 35వ వారంలో తయారైందని అర్థం. టైర్లు కారు కంటే కొన్ని వారాలు ముందు తయారవడం మామూలే. ఎనిమిది నెలలు, ఏడాది తేడా ఉంటే మాత్రం కారు తయారీ తేదీ ఇంకోసారి చూడాలి.

పాత స్టాక్ కొనడం తప్పేం కాదు, చవగ్గా వస్తే మంచి బేరమే. కాకపోతే రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్లు చూసేది తయారీ సంవత్సరాన్ని. డిసెంబరులో తయారైన కారును జనవరిలో కొంటే వాడింది ఏమీ లేకుండానే కాగితం మీద దానికి ఒక ఏడాది వయసు పడుతుంది. రెండుమూడేళ్లకే అమ్మే ఆలోచన ఉంటే ఆ నష్టానికి సరిపడా తగ్గింపు రావాల్సిందే. పదేళ్లు మీరే నడుపుకునేట్టయితే ఆ తేడా దాదాపు చెరిగిపోతుంది కాబట్టి పోయినేడు కారే లాభం.

కాలం కూడా లెక్కలోకి వస్తుంది. టార్గెట్‌కు రెండు మూడు బండ్లు తక్కువైన డీలర్‌కు నెలాఖరులో మీ కారు మీద వచ్చే లాభం కంటే బోనస్ పెద్దది. త్రైమాసికం చివర, ఏడాది చివర, కొత్త మోడల్ వస్తోందని తెలిసిన వారాల్లో పట్టు సడలుతుంది. టార్గెట్ అప్పటికే దాటేసి ఉంటే నెలాఖరు వల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే తేదీని నమ్ముకోవడం కంటే ముగ్గురు నలుగురు డీలర్లను అడగడం మేలు, వాళ్లలో ఎవరో ఒకరు టార్గెట్‌కు వెనకబడి ఉంటారు.

బేరం లేని చోట్లూ ఉన్నాయి. టెస్లా లాంటి కంపెనీలు డీలర్ లేకుండా నేరుగా అమ్ముతాయి, ధర అందరికీ ఒకటే. నెలల తరబడి వెయిటింగ్ ఉన్న మోడల్‌కు డీలర్ ఎందుకు తగ్గిస్తాడు? అలాంటి కారే కావాలంటే ధర మీద శక్తి వృథా చేసుకోకండి. బలవంతంగా అంటగట్టే యాక్సెసరీలు వద్దనడం, అప్పు బయట తెచ్చుకోవడం, పాత బండి బయట అమ్ముకోవడం, ఈ మూడింటిలోనే మీకు మిగులుతుంది.

గడప తొక్కకముందే

కారు చూడ్డానికి, నడిపి చూడ్డానికి ఒక రోజు వెళ్లండి. బేరానికి ఇంకో రోజు వెళ్లండి. నడిపిన ఊపులో, స్టీరింగ్ మీద చేతులు ఇంకా వెచ్చగా ఉండగా కూర్చుని మాట్లాడితే కారు మీద మోజు మొహంలో కనబడిపోతుంది. ఇంటిల్లిపాదీ వెళ్లినప్పుడైతే మరీ. ‘ఈ రంగే కావాలి’ అని పిల్లలు అన్నారంటే డీలర్‌కు ఆ మాట చాలు. వీలైతే రెండు రంగులు, రెండు వేరియంట్లు, ఇంకో కంపెనీ కారు కూడా మనసులో నిజంగానే ఉంచుకోండి. ఉత్తిత్తి బెదిరింపును సేల్స్ వాళ్లు ఇట్టే పసిగడతారు. రోజూ వాళ్ల పనే అది.

మోడల్, వేరియంట్, గేరు రకం, రంగు తేల్చుకున్నాక కనీసం నలుగురు డీలర్లకు ఒకే సందేశం పంపండి. వాళ్లలో ఇద్దరైనా మీ ఊరి బయటివాళ్లు అయితే మంచిది. సందేశం ఇలా ఉండొచ్చు:

‘నమస్కారమండీ. పలానా మోడల్, పలానా వేరియంట్, తెలుపు లేదా బూడిద రంగు తీసుకోవాలనుకుంటున్నాను. రెండు వారాల్లో కొంటాను. అప్పు సంగతి నేను చూసుకుంటాను, పాత బండి ఇవ్వడం లేదు. పన్నులు, రిజిస్ట్రేషన్, బీమా, మీ చార్జీలు విడివిడిగా చూపిస్తూ మొత్తం ధర రాతలో పంపించండి. కారు తయారీ నెల కూడా రాయండి. ఇంకో మూడు చోట్ల ఇలాగే అడిగాను.’

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. రెండు వారాలు అనడం వల్ల ఊరికే ధరలు కనుక్కునేవాళ్లు కాదని తెలుస్తుంది. విడివిడిగా అడగడం వల్ల నాలుగు కోట్‌లనూ, అంటే రాతలో వచ్చిన ధరలను, పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. పన్ను రేటు, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ రుసుము ఒకే చోట రిజిస్టర్ చేసే ఒకే కారుకు ఎవరి దగ్గరైనా ఒకటే కావాలి, అక్కడ తేడా ఉంటే ఎవరో ఏదో కలిపారన్నమాట. ‘షోరూమ్‌కు రండి, కూర్చుని మాట్లాడదాం’ అని మాత్రమే జవాబిచ్చే డీలర్‌ను వదిలేయండి. రాతలో ధర ఇవ్వని చోట నోటిమాటకు విలువ ఉండదు.

ఆ రెండు వారాల్లోనే మూడు పనులు చేసుకోండి. బ్యాంకులో అప్పు ముందే మంజూరు చేయించుకోండి. బీమాకు బయట రెండు కోట్‌లు తీసుకోండి, కారు పోతే వచ్చే సొమ్ము, మినహాయింపులు ఒకేలా ఉన్నాయో లేదో చూసి పోల్చాలి. ప్రీమియం తక్కువగా కనిపించడానికి ఆ సొమ్ము తగ్గించేసి ఉండొచ్చు. పాత బండికి బయట ఇద్దరు ముగ్గురి దగ్గర ధర కట్టించండి.

బల్ల దగ్గర

చేతిలో ఉన్న కోట్‌లలో అతి తక్కువది మీ పునాది. దానికంటే కొంచెం కింద మొదలుపెట్టండి, కారణం చెప్పి మరీ. ‘పలానా చోట ఇంతకు ఇస్తామన్నారు, ఇదిగో కాగితం. మీ షోరూమ్ నాకు దగ్గర, సర్వీసింగ్‌కూ ఇక్కడికే వస్తాను. ఇంతకు కుదిరితే ఇవాళే బుక్ చేస్తాను.’ కారణం లేని అంకె గాల్లో మాట. కాగితం చూపిస్తే వాళ్లు మేనేజరుకు చూపించుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. సేల్స్ వాళ్లకు తగ్గించే అధికారం కొద్దిగానే ఉంటుంది. మేనేజరును ఒప్పించే పని మీ తరఫున వాళ్లు చేయాలి, కాబట్టి గొడవ పెట్టుకోకండి. గట్టిగా ఉండటం వేరు, కటువుగా ఉండటం వేరు.

మీరు అంకె చెప్పాక ఆగండి. ఎదుటివాళ్లు మౌనంగా ఉంటే ఆ ఇబ్బంది భరించలేక ‘పోనీ ఇంకో పదివేలు వేసుకోండి’ అని మనమే అనేస్తాం. మనతో మనమే బేరమాడుకోవడం అంటే అదే. వాళ్లు జవాబు చెప్పేదాకా మీ అంకె కదలకూడదు. కదిలినప్పుడు కూడా అడుగులు చిన్నవి అవుతూ పోవాలి. మొదట 10,000 పెంచితే తర్వాత 5,000, ఆ తర్వాత 2,000. అడుగు చిన్నదవుతుంటే అంచు దగ్గరికి వచ్చేశారని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. ప్రతిసారీ 10,000 పెంచుతూ పోతే ఇంకా ఉందనుకుంటారు.

‘సగం సగం చేసుకుందాం’ అన్నది న్యాయంగా వినిపిస్తుంది. వాళ్లు 12,00,000 అన్నారు, మీరు 11,40,000 అన్నారు, సగం చేస్తే 11,70,000. కానీ మీ దగ్గరున్న కోట్ 11,50,000 అయితే ఆ సగం మీకు 20,000 నష్టం. నడిమి అంకె ఎక్కడ పడుతుందో నిర్ణయించేది మొదట చెప్పిన అంకెలే కనుక, మొదటి అంకెను తమవైపు ఎక్కువ దూరం లాగినవాళ్లకే లాభం. కోట్ దగ్గరికి రాకుండా సగానికి ఒప్పుకోవద్దు.

‘ఈ ధర ఇవాళ ఒక్కరోజే’ అంటారు. కంపెనీ ఆఫర్‌కు నిజంగానే గడువు ఉండొచ్చు, ఆ గడువు రాతలో చూపించమనండి. అది తప్ప, ఇవాళ ఇవ్వగలిగిన ధర రేపు ఇవ్వలేకపోవడానికి కారణం అరుదు. లేచి వచ్చేయడం నిజంగా చేయగలిగితేనే దానికి బలం. ఫోన్ నంబరు ఇచ్చి, థాంక్స్ చెప్పి, ఇంటికి వెళ్లండి. చాలా బేరాలు మర్నాడు ఫోన్‌లోనే తెగుతాయి.

పాత బండి, అప్పు, ‘ఉచితాలు’

కొత్త కారు ధర రాతలోకి వచ్చాకే పాత బండి మాట ఎత్తండి. సందేశంలో ‘ఇవ్వడం లేదు’ అన్నారు కదా అంటే, ‘మంచి ధర వస్తే ఆలోచిస్తాను’ అనండి. వాళ్లు చెప్పిన విలువను బయటి ధరతో పోల్చండి, మార్పిడి బోనస్ ఉంటే దాన్నీ కలిపి చూడండి. కొన్ని దేశాల్లో పాత బండి విలువ పోను మిగిలిన మొత్తం మీదే పన్ను పడుతుంది. అలాంటి చోట బయట కొంచెం ఎక్కువ వచ్చినా షోరూమ్‌కే ఇవ్వడం లాభం కావచ్చు. పాత బండి మీద బాకీ ఇంకా ఉండి, అది బండి విలువ కంటే ఎక్కువైతే, ఆ తేడాను కొత్త అప్పులో కలిపేస్తామంటారు. అమ్మేసిన కారుకు మరో ఐదేళ్లు వడ్డీ కట్టడం ఎందుకు? అది విడిగా తీర్చేయగలిగేదాకా ఆగడమే మంచిది.

అప్పు విషయంలో వడ్డీ శాతం ఏ పద్ధతిదో ముందు అడగాలి. ఫ్లాట్ వడ్డీ అంటే మీరు అసలు తీరుస్తూ వస్తున్నా మొదటి రోజు అప్పు మీదే చివరిదాకా వడ్డీ. ఐదేళ్లకు 7 శాతం ఫ్లాట్, తగ్గే బాకీ మీద లెక్కేస్తే సుమారు 12.5 శాతంతో సమానం. 7 కంటే 9 ఎక్కువ కదా అని బ్యాంకు వద్దనుకుని ఫ్లాట్ అప్పు తీసుకున్నవాళ్లు మోసపోయేది ఇక్కడే. ప్రాసెసింగ్ ఫీజు, ముందుగా తీర్చేస్తే పడే జరిమానా కూడా అడగండి.

0 శాతం వడ్డీ పథకం ఉన్నచోట సాధారణంగా నగదు తగ్గింపు వదులుకోవాల్సి వస్తుంది. రెంటిలో ఏది మేలో లెక్కే చెబుతుంది. 10,00,000ను 36 నెలల్లో 0 శాతానికి కడితే నెలకి 27,778. బయట 9 శాతానికి అప్పు తెచ్చుకుని అదే వాయిదాలో పూర్తి కావాలంటే కారు సుమారు 8,73,500కు రావాలి. అంటే నగదు తగ్గింపు 1,26,500 దాటితేనే బయటి అప్పు మెరుగు, లోపుంటే 0 శాతమే మంచిది. చేతిలో మొత్తం డబ్బు ఉన్నవాళ్లు 9 శాతం బదులు ఆ డబ్బు బ్యాంకులో ఉంటే తమకొచ్చే వడ్డీ శాతం పెట్టి చూసుకోవాలి.

ఇక అదనపు సరుకు. టైర్లలో నైట్రోజన్‌కు డబ్బు అడిగితే వద్దనండి, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పెయింట్ కోటింగ్, అండర్ కోటింగ్ (బండి అడుగున వేసే పూత), అద్దాల మీద నంబరు చెక్కడం బయట చేయించుకుంటే చాలాసార్లు సగానికే అవుతాయి, అవసరమైతేనే. పొడిగించిన వారంటీని చాలా కంపెనీలు తర్వాత కూడా కొననిస్తాయి. ఎప్పటిలోగా కొనాలో, ధర అప్పటికి ఎంత పెరుగుతుందో అడిగి తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు. ధర తగ్గించడానికి బదులు ‘30,000 విలువైన యాక్సెసరీలు ఉచితం’ అంటే వాటిని బయట కొంటే ఎంతవుతుందో ఆ విలువే కట్టండి. నగదు తగ్గింపే అడగండి. బేరం పూర్తిగా బిగుసుకుపోయి ఇక కదలదు అనిపించినప్పుడు మాత్రం మ్యాట్లు, మొదటి సర్వీసు, ఇంటికి డెలివరీ లాంటివి అడిగితే తేలిగ్గా ఇస్తారు. వాళ్లకు అయ్యే ఖర్చు తక్కువ.

అడ్వాన్సు, డెలివరీ

అడ్వాన్సు వీలైనంత చిన్నది ఇవ్వండి. ఇచ్చేముందు కాగితం మీద ఉండాల్సినవి: వేరియంట్, రంగు, తయారీ సంవత్సరం, మొత్తం ధర, డెలివరీ తేదీ, రద్దు చేసుకుంటే ఎంత ఎన్నాళ్లలో వెనక్కి ఇస్తారు, ఈలోగా కంపెనీ ధర పెంచితే ఎవరు భరిస్తారు. ఈ చివరి షరతు చాలామంది మర్చిపోతారు. వెయిటింగ్ ఉన్న కారుకు దాని వల్లే బేరంలో సంపాదించిందంతా పోవచ్చు.

మిగతా డబ్బు కట్టకముందు, రిజిస్ట్రేషన్ కాకముందు, పగటి వెలుతురులో కారు చూడాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక కారు మార్చమంటే వినేవాళ్లు ఉండరు. 17 అంకెలు, అక్షరాలు ఉండే ఛాసిస్ నంబరు (అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు) బండి మీద, బిల్లు మీద, బీమా మీద ఒకటేనా అని ఒక్కో అక్షరం సరిచూడండి. మీటరు వందల్లో ఉంటే అది టెస్ట్ డ్రైవ్‌లకు తిప్పిన బండో, వేరే షోరూమ్ నుంచి నడిపించుకొచ్చిన బండో అడిగి తెలుసుకోండి, దానికి వేరే ధర ఉండాలి. బంపర్లు, తలుపుల అంచుల దగ్గర రంగు తేడా, సందుల్లో హెచ్చుతగ్గులు ఉంటే రవాణాలో దెబ్బతిని మళ్లీ పెయింట్ వేసి ఉండొచ్చు. పెయింట్ మందం కొలిచే పరికరం దొరికితే చాలా కార్ల ఇనుప రేకుల మీద 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర చూపిస్తుంది. ఒక్క తలుపు మాత్రం 250 చూపిస్తే కారణం అడగాలి. యార్డులో చాలాకాలం నిలబడిన కారు 12 వోల్టుల బ్యాటరీ కూడా కొలిపించండి. బండి ఆపి కొన్ని గంటలైన తర్వాత 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి దిగితే సగమే ఉన్నట్టు.

చివరి బిల్లును మొదటి కోట్ పక్కన పెట్టి ఒక్కో వరుసా చదవండి. ‘హ్యాండ్లింగ్’, ‘లాజిస్టిక్స్’, ‘డాక్యుమెంటేషన్’ పేరుతో కొత్త వరుస కనిపిస్తే తీసేయమనండి, ఒప్పుకున్న మొత్తం ముందే రాతలో ఉంది కదా. ఖాళీలు వదిలేసిన ఫారాల మీద సంతకం పెట్టొద్దు. జాకీ, స్పేర్ టైరు లేదా పంక్చర్ కిట్, వారంటీ పుస్తకం, రెండో తాళం చేతికి తీసుకోండి. రెండో తాళం ‘వారంలో పంపిస్తాం’ అంటే తేదీ వేసి, స్టాంపు కొట్టి, డెలివరీ కాగితం మీదే రాసిమ్మనండి.